నివేదికలో లేని నీళ్లు

 

పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు సివిల్ ఇంజినీరింగ్ చదివారు, కొందరు పర్యావరణ శాస్త్రం. మీలో ఎవరో ఒకరు రేపు ఏ కన్సల్టెన్సీలోనో చేరి పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక రాస్తారు. గని తవ్వినా, థర్మల్ కేంద్రం కట్టినా అక్కడి నీళ్లకు, గాలికి, మనుషులకు ఏమవుతుందో ముందే చెప్పాల్సిన కాగితం అది. ప్రభుత్వం అనుమతి ఇచ్చేది దాన్ని చూసే. అందుకే ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

మన దేశంలో 1994లో ఈ అంచనాపై నోటిఫికేషన్ వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2006 నాటిది. పద్ధతి కాగితం మీద బాగానే ఉంది. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇచ్చి, కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కలెక్టరో, ఆయన తరఫున మరో పెద్ద అధికారో అధ్యక్షత వహించాలి. అంతా వీడియో తీయాలి. షామియానా కింద ఓ ముసలమ్మ మైకు పట్టుకుని కలెక్టరును నిలదీసే సందర్భం మన పాలనలో ఇంకెక్కడుంది చెప్పండి?

చిక్కు వేరేచోట ఉంది. నివేదిక రాసే కన్సల్టెంటుకు డబ్బిచ్చేది ప్రాజెక్టు కట్టేవాళ్లే. పెళ్లికొడుకు ఎలాంటివాడో వాళ్ల నాన్ననే అడిగినట్టుంటుంది. ఇంకో చిక్కు మరీ సూక్ష్మమైనది. చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాని ఒక్క సీజన్‌లో సేకరించిన సమాచారం చాలు. ఎండల్లో చూస్తే ఏ చిత్తడి నేలైనా బీడులాగే కనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతి చూడండి. అక్కడి బీల పెద్ద చిత్తడి నేల. చుట్టుపక్కల రైతులకు సాగునీరు, మత్స్యకారులకు చేపలు, పశువులకు మేత అందులోంచే. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టారు. కాగితాల్లో ఆ నేల పనికిరానిదైపోయింది. 2009లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం వద్దన్నారు, అనుమతి మాత్రం వచ్చింది. 2010 జూలై 14న ఊళ్లు అడ్డం తిరిగాయి. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అంటే అది పనికిరాని నేల కాదని ఊరివాళ్లు మొదటి నుంచి చెబుతున్న మాట నిజమని ఒప్పుకోవడానికి ప్రాణాలు పోయిన రోజు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ కేంద్రం ఇప్పటికీ రాలేదు.

2020లో ఈ నిబంధనలు మార్చడానికి కేంద్రం ముసాయిదా తెచ్చింది. 30 రోజుల గడువును 20కి కుదించాలని అందులో ప్రతిపాదన. ఆ ముసాయిదా వచ్చింది హిందీలో, ఇంగ్లీషులో. మిగతా భాషల్లోనూ పెట్టమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. మన ఊళ్లలో అమలయ్యే నిబంధన మన భాషలో ఉండాలని ఒకరు చెప్పాలా?

ఇన్ని చిక్కులున్నా, నివేదిక రాసే ఆ కన్సల్టెన్సీ ఉద్యోగం వస్తే వద్దనకండి. కరెంటూ కావాలి, రోడ్లూ కావాలి, వాటి మంచిచెడ్డలు లెక్కగట్టే మనిషీ కావాలి. కాకపోతే యంత్రం పెట్టి గాలి కొలిచేసి వచ్చేయకండి. ఒప్పందంలో లేకపోయినా వానాకాలంలో ఒకసారి వెళ్లి ఆ నేల మీద నడవండి. వల వేసేవాళ్లను, గొర్రెలు కాసేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది రాయండి. నివేదిక చివర దాన్ని తయారుచేసినవాళ్ల పేర్లు ఉంటాయి. మీరు కళ్లారా చూసిన నీళ్లను అందులోంచి తీసేయమని పై అధికారి అంటే, ఆ జాబితాలోంచి మీ పేరు కూడా తీసేయమనండి.