పుట్టుకతోనే విషం

కర్నూలు, కడప జిల్లాల వేరుశనగ చేలల్లో కలుపు తీసేవాళ్లు భయపడాల్సింది పెద్ద పాములకే కాదు. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది; ఒక్క కాన్పులో 20 నుంచి 40 దాకా ఉండొచ్చు. జానెడుండే ఆ పిల్లకు కోరలూ విషగ్రంథులూ పుట్టిన రోజు నుంచే పనిచేస్తాయి. రాళ్ల సందుల్లో నక్కే చిన్నపింజరదీ ఇదే తీరు.

నాగుపాము పిల్లయితే గుడ్డు చీల్చుకొని వస్తూనే పడగ విప్పగలదు, కాటేయగలదు.

తల్లి వీపు మీద గుంపుగా తిరిగే తెల్లటి తేలు పిల్లలు మాత్రం మొదటి కుబుసం విడిచేదాకా కుట్టలేవు.

పిల్లపామే కదా అని నిర్లక్ష్యం చేయకూడదు. కాటుపడితే గాటు పెట్టకుండా, తాడు బిగించకుండా, కాలు కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. నాగు, కట్లపాము, రెండు పింజరల విషానికీ అక్కడిచ్చే విరుగుడు మందు ఒక్కటే.