శిష్యుడనగా ఎవరు?

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున మానుకోట దాటిన పిమ్మట డోర్నకల్ జంక్షను వచ్చును. బండి మారి కొత్తగూడెం వైపు పోవువారికి ఆ పేరు సుపరిచితము. నేడు మహబూబాబాద్ జిల్లాలో చేరియున్న ఆ చిన్న ఊరికి మరియొక ప్రసిద్ధి కలదు. క్రీస్తు శిష్యుడుగా బ్రతుకుట ఎట్లు అను ప్రశ్నకు అక్కడ ఒక మనుష్యుడు ముప్పదియైదేండ్లపాటు నోటితో గాక నడవడితో సమాధానము చెప్పుచు వచ్చెను. ఆయన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

శిష్యుడు అను మాట మనకు క్రొత్తది కాదు. గురుకులమున సమిధలు తెచ్చినవాడు శిష్యుడు. కొలిమి దగ్గర, మగ్గము దగ్గర పెద్దవాని ప్రక్కన కూర్చుండి పని నేర్చినవాడును శిష్యుడే. శాసించుట అను అర్థముగల ధాతువు నుండి ఆ పదము పుట్టినది. అనగా దిద్దబడుటకు ఒప్పుకొన్నవాడని భావము. గురువును పొగడువాడు వేరు, గురువునొద్ద నేర్చువాడు వేరు. క్రైస్తవ గ్రంథమునందును క్రమమిదియే. మొదట వారు శిష్యులు. క్రైస్తవులను పేరు అంతియొకయ పట్టణమున ఆ పిమ్మట వచ్చినది. నేడు పేరు ముందు వచ్చి శిష్యరికము వెనుకబడుచున్నదా అన్నదే ఆ మతస్థులు తమ్ము తాము వేసికొనవలసిన ప్రశ్న.

అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి జిల్లాలో జన్మించిన తమిళులు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పట్టణములలో గౌరవముగా పనిచేయుచుండిరి. 1903లో తమ జిల్లా క్రైస్తవులతో కలిసి ఒక మిషనరీ సంఘమును స్థాపించిరి. భారతీయుల ధనముతో, భారతీయుల చేతనే, భారతీయుల యాజమాన్యమున అది నడువవలెనని నియమము. ఆ సంఘము తన పనికి ఎన్నుకొన్నది నిజాం రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. ఇతరులను పంపుట సులభము. పంపినవాడే కదలుట కష్టము. 1909లో ఆయన ఉద్యోగము విడిచి, పరాయి భాషయైన తెలుగు నేర్చి, డోర్నకల్ చేరిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవినందిన మొదటి భారతీయులు వారే.

అంతకు రెండేండ్లు ముందు, 1910లో, స్కాట్లండు దేశమందలి ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. అందు అజరయ్యగారు పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడిరి. కాని అంతటితో ఆగలేదు. మీరు మాకు ఎన్నో ఇచ్చితిరి, మాకొరకు ప్రాణములనైన ఇచ్చెదరు, కాని సమానులుగా చూచు స్నేహితులు మాకు కావలెనని వారి విన్నపము. దాత, యజమాని, బోధకుడు అగుట సులభము, స్నేహితుడగుట కష్టము. ఆనాటి సభలో ఆ మాట కొందరికి కటువుగా తోచినది. నేడు ఆ సభను గూర్చి వ్రాయువారు మొట్టమొదట తలచుకొనునది ఆ మాటనే.

అయితే తెల్లవారిని సమానత్వమడిగినవాడు దానిని తన ఊరనే చూపవలసియుండును. డోర్నకల్ చుట్టుపట్ల గ్రామములలో ఈ మతమును స్వీకరించినవారిలో పెక్కుమంది మాల, మాదిగ కులములవారు. వాడలు రెండు, బావులు రెండు, పెద్దలు వేరు. ఆరాధనలో మాత్రము ఒకే పాత్రనుండి ద్రాక్షారసము పుచ్చుకొనవలెను. పై కులములవారు తమను దూరముగా నుంచిరని బాధపడినవారు ప్రక్క వాడవానిని దూరముగా నుంచవచ్చునా? ఇక్కడనే శిష్యరికమునకు పరీక్ష. ప్రతి ఊరను ఆ పరీక్షలో నెగ్గినారని చెప్పజాలము. రెండు వాడల నడుమ పెండ్లి సంబంధము నేటికిని అరుదు.

అజరయ్యగారు ఎడ్లబండిపై ఊరూర తిరుగుచు ప్రజలకు చూపిన శత్రువులు నాలుగు: మురికి, జబ్బు, అప్పు, తాగుడు. ఆనాటి నిజాం రాజ్యమున అప్పు అనగా తండ్రి తీసికొన్న బాకీకి కొడుకు జీతముండుట. దానికి భగేలా అని పేరు. తాగుడు మానినవానికి అప్పు తగ్గును, అప్పు తగ్గినవాడు తల యెత్తును. ఇది ప్రార్థన కాదా అని అడిగిన, ప్రార్థనయే అని వారి నడవడి చెప్పినది.

1932లో బ్రిటిషు ప్రభుత్వము భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములనిచ్చినది. అజరయ్యగారు దానిని వ్యతిరేకించిరి. మత సంఘము ఓట్ల లెక్కగా మారరాదని వారి వాదము. తమవారికి లాభమని తోచినదానిని కాదనుటకు ధైర్యము కావలెను. 1945 జనవరి 1న వారు డోర్నకల్‌లోనే కన్నుమూసిరి. వారు పాటుపడిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947 సెప్టెంబరు 27న సిద్ధించినది.

నేటి శిష్యునికి ఎదురగు ప్రశ్న వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు నిర్ణయించినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరింపజేసిరి. క్రైస్తవులైన దళితులకు అది లేదు. మన రెండు తెలుగు రాష్ట్రములలో వారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ విభాగమున చేర్చినారు. ఆ విభాగమునకు నూటికి ఒకటి రిజర్వేషను. కనుక పెక్కు ఇండ్లలో బడి కాగితముపై ఒక మతము, ఆదివారమునాడు మరియొక మతము. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది పార్లమెంటును, న్యాయస్థానములును తేల్చవలసినది. కాని కొడుకు ఉద్యోగము ఒకవైపు, నోటి మాట ఒకవైపు పెట్టుకొని రాత్రి నిద్రపట్టని తండ్రిని తేలికగా తప్పుపట్టరాదు. ఆ తూకములో మనమెవరము నిలువలేదు.

ఇంత పెద్ద ప్రశ్న అందరికిని రాదు. చిన్న ప్రశ్న ప్రతిదినము వచ్చును. జనగామ మార్కెట్టు యార్డులో కాటా వేయువాడు రైతు ప్రత్తిని ఎట్లు తూచును? మానుకోట వైపు మిరపచేనులో కూలికి వచ్చిన ఆడకూతురి చేతిలో సాయంకాలము ఒప్పుకొన్న కూలి పూర్తిగా పడునా? భూపాలపల్లి గనిలో తోటి కార్మికుని క్షేమము చూడకుండ షిప్టు ముగించి పైకి వచ్చువాడు, ఆదివారము ఎంత చక్కగా పాడినను, ఏ గురువు వద్ద నేర్చినట్లు?

మన పల్లెలలో క్రైస్తవ స్త్రీలు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము తీసి వేరొక కుండలో వేయు ఆచారమొకటి కలదు. అది సంఘమునకు, లేనివారికి. ఆ పిడికెడు తీసినందువలన ఆ పూట అన్నము కొంచెము తగ్గును. తగ్గినదని తెలిసియే తీయుదురు. శిష్యరికమను మాటకు నాకు కనబడిన అర్థము అంతే. ఏ మతమువారికైనను, ఏ గురువును కొలుచువారికైనను, ఆ కుండ ఇంటిలో ఉన్నదా లేదా అని చూచుకొనుట మేలు.