ప్రాంతీయ నవలకు బహుమానము: కొన్ని నియమములు
(మాదాపురమున జరిగిన వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు వసతిగృహమును గూర్చియు మాకంటె నెఱిగినవారు పలికియున్నారు. మాకు నిర్ణయింపబడిన విషయము చిన్నది. మన పోషకులలో నొకరు తెలుగు నవలకో కథాసంపుటమునకో యేటేట నొక బహుమానము నొసగుటకై మూలధన మిచ్చెదమని వాగ్దానము చేసియున్నారు. దానిని ఏ నియమములతో నీయవలెనో చెప్పుమని మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైగా శబ్దమంజరి వల్లెవేయించిన మమ్ము నవలలను గూర్చి యడుగుట వింతయే. అయినను అడిగిరి గనుక చెప్పెదము.

మన భాషలో నవల పోటీలతోనే పెరిగినదని చెప్పవచ్చును. పందొమ్మిదవ శతాబ్ది కడపటి దశకమున న్యాయపతి సుబ్బారావు పంతులుగారి పూనికతో చింతామణి పత్రికవారు నవలలకు బహుమానము లేర్పఱచిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి రామచంద్రవిజయము 1894లో ప్రథమ బహుమాన మందినది అందుననే. పిదప 1906లో మన హైదరాబాదుననే విజ్ఞాన చంద్రికా మండలి వెలసి, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగువారి కృషితో శాస్త్రగ్రంథములతోపాటు నవలలను గూడ పోటీలు పెట్టి వ్రాయించినది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి పోటీయందు విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలును, అడివి బాపిరాజుగారి నారాయణరావును బహుమానమును పంచుకొన్నవి. వేయిపడగలును విశ్వనాథవారు ఇరువదితొమ్మిది దినములలో చెప్పి తమ్మునిచే వ్రాయించిరని ప్రసిద్ధి. గడువు తేది యొకటి మీద నుండకున్న నంత గ్రంథము అన్ని నాళ్లలో ముగిసియుండునా? కావున బహుమానము వలన సాహిత్యము పుట్టదని పెదవి విఱచువారి మాట మేము పూర్తిగా నొప్పుకొనము.

అయితే బహుమానమునకు ఆలస్యదోషమొకటి కలదు. పాలగుమ్మి పద్మరాజుగారి గాలివాన 1952లో న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను పత్రికవారి ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమాన మందినది. అదే పేరుగల కథాసంపుటమునకు ఢిల్లీలోని కేంద్ర సాహిత్య అకాడమీవారు పురస్కార మిచ్చినది 1985లో. అప్పటికి పద్మరాజుగారు గతించి రెండేండ్లయినది. త్రిపురనేని గోపీచందుగారి పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామాకు 1963లో నిచ్చిరి; ఆయన 1962లోనే దివంగతులైరి. మనమిచ్చునది బ్రతికియున్నవారి చేతికే యీయవలెను. ఈ మాటను తీర్మానమున మొదట వ్రాసికొనుడు.

ఇక ప్రాంతీయమను మాట. ఒక పుస్తకమున ఒక నేల కనబడవలెను, ఆ నేలమీది మనుజుల పలుకు వినబడవలెను. మేము కోరునది యింతియే. బండి నారాయణస్వామిగారి శప్తభూమిని చూడుడు. పదునెనిమిదవ శతాబ్దపు అనంతపురము సీమను తీసికొని వ్రాసినది. అమెరికాలోని తానా సంస్థవారు 2017లో బహుమాన మిచ్చిరి. 2019లో కేంద్ర అకాడమీ పురస్కారము వచ్చినది. మన తెలంగాణము వైపు అంపశయ్య నవీనుగారి కాలరేఖలకు 2004లో అకాడమీ పురస్కారము లభించినది. చిత్తూరు సీమ కథకులు మధురాంతకం రాజారాముగారికి 1993లోను, వారి కుమారులు నరేంద్రగారికి 2022లోను అదే పురస్కారము వచ్చుట మాకు మిక్కిలి సంతోషము గలిగించిన విషయము.

సభవారు మన్నింపవలెను. ఇచ్చట మా స్వంత తప్పిద మొకటి చెప్పక తీఱదు. ఈ మాదాపురమున సైబర్ టవర్స్ అను సౌధము 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయిగారిచే ప్రారంభింపబడినది. అంతకు కొలది యేండ్లు ముందు ఈ ప్రక్కలనెల్ల గుండ్లును, చెఱువులును, పొలములును. ఆ దినములలో నొక చిన్న గ్రంథాలయమువారు (పేరు చెప్పము) కథల పోటీ పెట్టి మమ్ము పరీక్షకులుగా నియమించిరి. రాయదుర్గము వైపు పల్లెకు చెందిన యువకుడొకడు రాళ్లు కొట్టువారి సంసారమును గూర్చి కథ వ్రాసి పంపెను. బండను సుత్తెతో తట్టి, చెవి యొగ్గి, ఆ ధ్వనినిబట్టి యెక్కడ పగులునో చెప్పెడి ముసలివా డొకడు అందులో నుండెను. మాటలన్నియు వారింట మాటలాడుకొను మాటలే. మేము ఎఱ్ఱసిరాతో పుటపుటకును ‘గ్రామ్యము’, ‘గ్రామ్యము’ అని వ్రాసి త్రోసివేసితిమి. బహుమానము వేఱొక కథ కిచ్చితిమి. అందులో చంద్రోదయ వర్ణన తప్ప మఱేమున్నదో నేడు మాకు జ్ఞప్తి లేదు.

మేము చదివిన శాస్త్రమైన నట్లు చేయుమని చెప్పలేదు. మమ్మటుడు గ్రామ్యత్వమును దోషములలో లెక్కించియు, తక్కువ పాత్రల నోట నది గుణమే యగునని వెంటనే చెప్పియున్నాడు. తక్కువ యను మాట మేము నేడు వాడము, కాని సూత్రము సూత్రమే. కాళిదాసు శాకుంతలములోని జాలరి సంస్కృతము మాటలాడునా? తన ప్రాకృతముననే మాటలాడును. ఏటేట పిల్లలకు పాఠము చెప్పిన సంగతియే అది. మన యూరివాని విషయమున మఱచితిమి.

ఆ యువకుడు మరల కథ పంపలేదు. కొన్నియేండ్లకు మేమే విచారించితిమి. పొలము అమ్ముకొని యెటో పోయిరని చెప్పిరి. వ్రాతప్రతి గ్రంథాలయమున లేదు. అతడు వర్ణించిన పెద్దబండ కొక పేరుండెను. ఆ పేరు మాకిపుడు గుర్తు రాదు. బండయు లేదు, దాని చోట అద్దాల మేడ యున్నది. ఆ పేరు ఆ కథలో తప్ప మఱెచ్చటను వ్రాసియుండలేదని మా నమ్మకము.

కావున మా మనవి యేమనగా, పరీక్షకులలో నొకరైనను ఆ పుస్తకపు సీమవారై యుండవలెను; యాసను కారణముగా జూపి దేనిని త్రోసివేయరాదు. ఈ సైబరాబాదును గూర్చిన రచనలను ప్రత్యేకముగా నాహ్వానింపవలెను. పగలు అమెరికావారికి రాత్రియగుట చేత రాత్రులు మేల్కొని పనిచేయు మన పిల్లలు, అమీరుపేట వసతిగృహములలో నలుగురొక గదిలో నుండి పాఠములు నేర్చువారు, ఈ మేడలను కట్టిన పాలమూరు కూలీలు, వాకిటి కాపలావారు, క్యాబు నడుపువారు, వీరి బ్రతుకు లిచ్చట నున్నవి. వ్రాయువారు వ్రాయుచున్నారు, చదివి యెన్నువారు కావలెను.

మన కులమువారికే యీయవలెనని కొందఱు పెద్దలు నిన్న వాదించిరి. వారి యభిమానమును మేము తప్పుపట్టము. కాని మనవారి కిచ్చుటకు విద్యార్థి వేతనములున్నవి, అవి అట్లే యుండనిండు. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాసినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను 354 మంది కవులతో వెలువరించిరి. తమవారిని మాత్రమే యేఱి కూర్చియున్న యెడల నది జవాబయ్యెడిదా? మన బిడ్డ మంచి నవల వ్రాసిన నందఱితో పోటీపడి గెలుచును. కంచె లోపల గెలిచిన గెలుపు వానికే రుచింపదు.

పోషకులను గూర్చి పద్యము వ్రాయవలెననిగాని, కృతి యంకిత మీయవలెననిగాని నియమ ముండరాదు. ఈ మాటకు దాతగారే ముందు నవ్వి యొప్పుకొనిరి. మూలధనపు వడ్డీలో సగము రచయితకును, మిగిలిన సగముతో ఆ పుస్తకపు ప్రతులు కొని పల్లెల గ్రంథాలయములకు పంపుటకును వినియోగింపవలెను. బహుమాన మంది అటకమీద పడియున్న పుస్తకములను మేము చాల చూచితిమి.

ఈ తీర్మానము సాయంకాలపు సభయందు చర్చకు వచ్చునని కార్యదర్శిగారు చెప్పిరి. పరీక్షక వర్గమున మా పేరు చేర్పవలదని మనవి. మూలధనములో కలుపుటకై మా యొక నెల పింఛనును ఉదయముననే వారి కొప్పగించితిమి, రసీదు ముట్టినది.