సోర్స్ కోడ్‌ను కాపాడటం: ఎంబెడెడ్ ఇంజనీరు బాధ్యత (స్నాతకోత్సవ ప్రసంగం)

మైక్రోకంట్రోలర్‌తో నడిచే ఏ వస్తువులోనైనా ప్రోగ్రాముకు రెండు రూపాలుంటాయి. ఇంజనీరు సి భాషలో రాసేది సోర్స్ కోడ్. కంపైలర్ దాన్ని అంకెలుగా మార్చి ఇచ్చే హెక్స్ ఫైలు చిప్పులోకి ఎక్కుతుంది. వ్యవసాయ మోటారు ఆటో స్టార్టర్‌లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారిగా ఆన్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకని ప్రోగ్రాములో కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టుకోవచ్చు. సోర్స్ కోడ్‌లో ఆ సంఖ్యకు ఒక పేరు, పక్కనే కారణం చెప్పే వ్యాఖ్య ఉంటాయి. హెక్స్ ఫైలులో మిగిలేది ఉత్త అంకె. గిడ్రా వంటి సాధనాలు ఆ అంకెల నుంచి ఆదేశాల వరసను బయటికి తీయగలవు గానీ, ఆ సంఖ్యను ఎందుకు ఎంచుకున్నారో చెప్పలేవు.

చిప్పు జ్ఞాపకం మాత్రం గట్టిది. ఏటీమెగా328పి మైక్రోకంట్రోలర్ ఫ్లాష్ మెమరీలో రాసింది 85 డిగ్రీల వేడిలో 20 ఏళ్లు, 25 డిగ్రీల్లో 100 ఏళ్లు నిలుస్తుందని దాని డేటాషీట్ చెబుతుంది. అంటే సోర్స్ పోయినా వస్తువు పనిచేస్తూనే ఉంటుంది. లోపాన్ని సరిదిద్దాల్సి వచ్చిన రోజునే నష్టం బయటపడుతుంది. అప్పటికి రాసినవాళ్లు ఉద్యోగం మారి ఉంటారు.

సి ఫైళ్లు మాత్రమే దాస్తే చాలదు. కంపైలర్ ఏ వెర్షనో, దాని ఆప్షన్లేమిటో, ఏ లైబ్రరీలు వాడారో, లింకర్ స్క్రిప్ట్, ఫ్యూజ్ బిట్ల విలువలు, బూట్‌లోడర్, సర్క్యూట్ బొమ్మ, ఫ్యాక్టరీలో బోర్డును పరీక్షించే ప్రోగ్రాము: అన్నీ ఒకేచోట ఉండాలి. కంపైలర్ ఇన్‌స్టాలర్‌నూ భద్రపరచాలి, పదేళ్ల తర్వాత అదే వెర్షన్ దొరుకుతుందన్న హామీ లేదు. కస్టమరుకు పంపిన ప్రతి హెక్స్ ఫైలును వెర్షన్ సంఖ్యతో సహా దాచాలి.

మార్పుల చరిత్రను నిలబెట్టడానికి నేడు ఎక్కువమంది వాడేది గిట్. లినక్స్ కెర్నెల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని 2005లో తయారుచేశారు. ఎవరు, ఎప్పుడు, ఏ వరుసను, ఎందుకు మార్చారో అందులో ఉంటుంది. అయితే ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉన్న గిట్ ఆ ల్యాప్‌టాప్‌తోనే పోతుంది. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే ఊళ్లో అన్న సూత్రం పాటిస్తారు. ఆ దూరపు ప్రతికి తాళం కూడా వేరుగా ఉండాలి. 2014లో కోడ్ స్పేసెస్ అనే కోడ్ నిల్వ సంస్థ క్లౌడ్ ఖాతాలోకి ఒక దుండగుడు చొరబడి అసలుతో పాటు బ్యాకప్‌లనూ చెరిపేశాడు. ఆ సంస్థ మూతపడింది.

తిరిగి తీసి చూడని బ్యాకప్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ నిల్వ సంస్థలో పొరపాటున డేటాబేస్ చెరిగిపోయింది. ఏర్పాటు చేసుకున్నామనుకున్న బ్యాకప్ పద్ధతులు సరిగా పనిచేయడం లేదని ఆ రాత్రే తెలిసింది. అదృష్టవశాత్తు ఆరు గంటల కిందటి ప్రతి ఒకటి దొరికింది.

ఎంబెడెడ్ కోడ్‌కు అసలు పరీక్ష ఒక్కటే. ఖాళీ కంప్యూటర్ మీద, కోడ్ రాయని మరొకరు, దాచినవాటితోనే కంపైల్ చేయాలి. వచ్చిన హెక్స్, కస్టమరుకు పంపిన హెక్స్‌తో బైటు బైటుకూ సరిపోవాలి. కోడ్‌లో కంపైల్ చేసిన తేదీ, సమయం చేర్చితే హెక్స్ ప్రతిసారీ మారిపోతుంది. వాటి బదులు వెర్షన్ సంఖ్య పెట్టాలి. చంద్రుడి మీద దిగిన అపోలో 11 ల్యాండర్ ప్రోగ్రాము ఈ పరీక్షకు నిలిచింది. ఎంఐటీ మ్యూజియంలోని కాగితపు ప్రతులను స్కాన్ చేసి, ఔత్సాహికులు మళ్లీ టైపు చేసి అసెంబుల్ చేశారు. వచ్చిన అంకెలను కాగితం మీది అంకెలతో సరిచూసుకున్నారు.

దొంగల నుంచి కాపాడటం మరో పని. ఎస్‌టీఎం32 చిప్పుల్లో, లోపలి కోడ్‌ను బయటివాళ్లు చదవకుండా ఆపే మొదటి స్థాయి రక్షణను తీసేయబోతే ఫ్లాష్ మొత్తం చెరిగిపోతుంది. అలా తాళం వేసిన చిప్పు యజమానికీ తెరుచుకోదు గనుక, తాళం వేసేముందే బ్యాకప్ సరిచూసుకోవాలి. ఆ తాళమూ అభేద్యం కాదు. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధకులు 2017లో ఎస్‌టీఎం32ఎఫ్0 చిప్పుల రక్షణను ఛేదించి, లోపలి ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను చదివి చూపారు. కాబట్టి చిప్పులన్నిటికీ ఒకే రహస్య సంకేతం పెట్టకూడదు. అప్‌డేట్ మీద సంతకం చేసే కీ గిట్‌లో ఉండకూడదు. ఒకసారి చేరితే, చెరిపినా చరిత్రలో మిగులుతుంది, ఆ కీని మార్చక తప్పదు. కీ బయటపడితే పరాయి ఫర్మ్‌వేర్ పరికరాల్లోకి చేరుతుంది, పోతే సొంత ఫర్మ్‌వేరే చేరదు. దాన్ని ఇద్దరు బాధ్యుల ఎరుకలో, నెట్‌కు దూరంగా దాచాలి.

ఈరోజు పట్టాలు అందుకుంటున్న ఇంజనీర్లు చేసే పరికరాలను రైతులు, రోగులు, కార్మికులు ఏళ్ల తరబడి నమ్ముకుంటారు. ప్రతి పట్టభద్రుడూ, పట్టభద్రురాలూ తమ తొలి ఉత్పత్తి గేటు దాటకముందే కోడ్‌ను ఒక సహోద్యోగి చేతికిచ్చి, అదే హెక్స్ వస్తుందో లేదో చూసుకోవాలి. ఆ పరీక్ష నెగ్గాకే ఉత్పత్తి పూర్తయినట్టు లెక్క.