చలక నేలలో నీలి పువ్వు



నల్లగొండ జిల్లా కేతేపల్లి దగ్గర మూసీ నీళ్లు పారే వరి మడులు దాటి చలకల్లోకి వెళ్తే, వానాకాలం పొద్దుటిపూట గట్ల మీద చిన్న చిన్న నీలి పూలు కనిపిస్తాయి. చిటికెన వేలి గోరంత కూడా ఉండవు. అదే విష్ణుక్రాంత.

వంగి చూస్తేగానీ దీని తీరు తెలియదు. గట్టిపడిన వేరు మొదలు నుంచి సన్నని కాడలు నేల మీద పరుచుకుంటాయి. ఆకుల నిండా తెల్లని నూగు. అది తేమను తొందరగా ఆరిపోనివ్వదు. అయిదు రెక్కలూ కలిసిపోయిన పువ్వు పొద్దున విచ్చి, మధ్యాహ్నానికే ముడుచుకుంటుంది. ఎండాకాలం పైభాగం మాడిపోయినా, వేరు బతికుంటే తొలకరికి మళ్లీ చిగురిస్తుంది.  

శాస్త్రీయ నామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. చిలగడదుంప, తూటికూరల కుటుంబమే. అయినా వాటి చుట్టాలైన తీగల్లా దేన్నీ అల్లుకోదు. ఎవాల్వులస్ ప్రజాతిలో సుమారు వంద జాతులున్నాయి; ఎక్కువభాగం అమెరికా ఖండాలవే.

వినాయక చవితి 21 పత్రుల్లో విష్ణుక్రాంత ఒకటి, కేరళ వారి దశపుష్పాల్లోనూ ఉంది. ఆయుర్వేద దుకాణాల్లో శంఖపుష్పి అని ఒకచోట దీన్ని, మరోచోట వేరే మొక్కను ఇస్తారు. పేరు విని సొంత వైద్యం మొదలుపెట్టకండి.

చవితికి పత్రి కోసేటప్పుడు కొసలు మాత్రం గిల్లుకోండి, వేరు పీకకండి.