వెతుకులాట పెంచే భయం

పరీక్షల రోజుల్లో నిద్ర చాలక తలనొప్పి వస్తుంది. హాస్టల్ గదిలో ఫోన్‌లో వెతికితే మెదడులో కణితి అన్న మాట కనిపిస్తుంది. ఇక గుండె దడ, మళ్లీ వెతుకులాట. మామూలు లక్షణంతో మొదలైన వెతుకులాట అరుదైన పెద్ద జబ్బుల దాకా పాకుతుందని 2008లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చూపించారు. ముందు కనిపించిన జబ్బే మనకు ఉన్నట్టు కాదు.

విద్యార్థులారా, ఇలాంటి ఆరోగ్య సమాచారం చదివే ముందు మూడు సంగతులు చూడండి: రాసిందెవరు, ఎప్పుడు రాశారు, ఏమైనా అమ్ముతున్నారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాచారంతో సరిచూసుకోండి. బాధ తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. ఆందోళన నిద్రపట్టనివ్వకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఆ సేవ ఉచితం, రాత్రీ పగలూ అందుతుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. సంకోచించకండి.