సపోటా పాలు
(సూరత్ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



దస్త్రములపై వ్యాఖ్యలు వ్రాయుట కలవాటుపడిన నన్ను పండ్లపాలను గూర్చి ప్రసంగింపుమని మన కార్యదర్శిగారు ఆదేశించిరి. బి.ఏ.లో నేను చదివినది చరిత్ర. అయినను ఈ విద్య నేర్వక తప్పని సందర్భ మొకటి నాకు కలిగినది.

మూడేండ్ల క్రిందట డిప్యుటేషనుపై సూరత్ వచ్చునపుడు మా అమ్మను వెంట తెచ్చుకొంటిని. ఆ వేసవిలో ఆమెకు జ్వరము వచ్చి తగ్గినది గాని ఆకలి మరల రాలేదు. విస్తరి ముందు కూర్చుండి రెండు ముద్దలు కలిపి లేచెడిది. లింబాయతులో మరమగ్గముల పనికై తెలంగాణమునుండి వచ్చి స్థిరపడిన మన పద్మశాలి కుటుంబముల నడుమకు తీసికొనిపోతిని. తెలుగు మాట విని సంతోషించినది, ఇంటికి వచ్చి మరల రెండు ముద్దలే. పులుసులో ఉప్పు చాలలేదని యైనను అనదు. జీవితమంతయు వంటకు వంక పెట్టిన మనిషి అట్లు మౌనము వహించుట చూచి నాకు నిజముగా భయము వేసినది.

మధుమేహము లేదు గనుక పాలు, పండ్లు ఇచ్చి చూడుడని వైద్యుడు చెప్పెను. నేను తెల్లవారుజామున బొప్పాయిని పాలతో మిక్సీలో రుబ్బి, ఫ్రిజ్‌లో ఉంచి ఆఫీసుకు పోతిని. మధ్యాహ్నమునకు అది చేదెక్కినది. బొప్పాయిలోని పపెయిన్ అను ఎంజైము పాలలోని మాంసకృత్తులను విడగొట్టుటచే ఆ చేదు పుట్టునని తరువాత తెలిసినది. అమ్మ ఒక గుక్క త్రాగి గ్లాసు ప్రక్కన పెట్టినది. ఏమియు అనలేదు.

ప్రక్కింటి గుజరాతీ గృహిణి ఈ సంగతి విని నవ్వి, అమల్సాడ్ చీకూలు తెమ్మనెను. చీకూ అనగా మన సపోటాయే. సూరత్‌కు దక్షిణమున, నవసారీ జిల్లాలోని అమల్సాడ్ ఈ పండుకు పేరుపొందిన ఊరు. మెక్సికో, మధ్య అమెరికాలనుండి వచ్చిన చెట్టిది; దీని పాలనుండియే ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసెడివారు. కాయను గోటితో గీచినపుడు లోపల పచ్చగా కనిపించెనా, అది ముదరలేదన్నమాట. అట్టిది పాలలో వేసినచో వగరు నాలుకను విడువదు. మెత్తబడువరకు ఫ్రిజ్‌లో పెట్టరాదు.

బాగుగా పండినవి మూడు తీసికొని తొక్క, గింజలు తొలగింపవలెను. గింజ కొసన కొక్కెము వంటి ముల్లుండును, ఒక్కటియు మిగులరాదు. ముందురోజే ముక్కలు కోసి గడ్డకట్టించిన అరటిపండు సగము చేర్చవలెను. చిక్కదన మంతయు దానివలననే. మంచుగడ్డ వేసినచో పానకమై పోవును. కాచి చల్లార్చిన పాలు 200 మిల్లీలీటర్లు చాలును. అవి ఒక్కసారిగా పోసినచో ముక్కలు తేలి నలుగవు. నాలుగు చెంచాలతో మొదట ముద్దగా రుబ్బి, పిమ్మట తక్కినవి పోయవలెను. చివర ఒక చెంచా మీగడ, చిటికెడు ఏలకులపొడి. కొందరు మిత్రులు ఐస్‌క్రీము వేయుదురు; అది నాకు సమ్మతము కాదు. పంచదార అవసరమే లేదు. చేసిన వెంటనే త్రాగవలెను.

ఆ సాయంకాలము అమ్మ చేతికి గ్లాసిచ్చి, చూడనట్లు పత్రిక చదువుచు కూర్చుంటిని. చాలసేపటికి గ్లాసు క్రింద పెట్టిన చప్పుడైనది. అడుగున మిగిలినది వేలితో తీసికొనుచు ఆమె అన్నది:

"ఏలకులు ఎక్కువైనవిరా. రేపు తగ్గించు."